పోటీకెక్కిన బొంతలు

అమెరికాలో చాలా జిల్లాల్లో ఏటా వేసవి చివర వ్యవసాయ సంబరాలు జరుగుతాయి. వాటిని కౌంటీ ఫెయిర్లంటారు. అక్కడ పశువులు, గుమ్మడికాయలు, జామ్ సీసాలతోపాటు చేత్తో కుట్టిన క్విల్టులను కూడా పోటీకి పెడతారు. క్విల్టు మన బొంతకు దగ్గరి చుట్టమే. పైన రంగురంగుల ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, అడుగున మరో గుడ్డ, నడుమ దూది పొర ఉంటాయి. ఈ మూడూ జారకుండా పట్టి ఉంచేది సన్నటి కుట్టు.

ఈ సంబరాలకు మూలం మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్. 1807లో ఎల్కనా వాట్సన్ అనే ఆయన ఆ ఊరి నడిబొడ్డున రెండు మెరీనో జాతి గొర్రెలను నిలబెట్టి జనానికి చూపించాడు. 1810లో అక్కడే పశువుల ప్రదర్శన నడిపాడు. 1813లో ఆడవాళ్లు ఇంట్లో నేసిన బట్టలకు బహుమతులు ప్రకటిస్తే, నలుగురిలోకి రావడానికి వాళ్లు మొదట జంకారు. వాట్సన్ భార్య తానే ముందుగా వచ్చి కూర్చున్నాక గానీ మిగతావాళ్లు కదల్లేదు. తర్వాతి దశాబ్దాల్లో ఇలాంటి సంబరాలు ఊరూరా పాకాయి, ఇంటి పనితనం పోటీల్లో క్విల్టుకు చోటు స్థిరపడింది.

న్యాయనిర్ణేతలు క్విల్టును తిరగేసి వెనకవైపు కూడా చూస్తారు. కుట్లన్నీ ఒకే నిడివిలో ఉన్నాయా, దారం ముడి ఎక్కడైనా బయటపడిందా, ముక్కలతో కూర్చిన నక్షత్రాల మొనలు కుట్టులోకి పోయి మొండిగా మారాయా, అంచు పట్టీ మూలల దగ్గర నిండుగా మడిచి ఉందా అని పరీక్షిస్తారు. మొదటి బహుమతి నీలం రిబ్బను, రెండోది ఎరుపు.

క్విల్టు పోటీల్లో అతి పెద్దది 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సియర్స్ కంపెనీ పెట్టింది. అది ఆర్థిక మాంద్యం రోజులు. మొదటి బహుమతి 1,000 డాలర్లనేసరికి దేశం నలుమూలల నుంచి 24 వేలకు పైగా క్విల్టులు వచ్చాయి. వడపోతలు దాటి 30 షికాగో చేరాయి. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో కుట్టుపని దుకాణం నడిపే మార్గరెట్ కేడెన్ పేరుతో వచ్చిన నక్షత్రాల క్విల్టు గెలిచింది. దాన్ని అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్‌కు కానుకగా ఇచ్చారు. తర్వాత దాని జాడ తెలియలేదు.

పోటీదారు స్వయంగా కుట్టిందే పంపాలన్నది నిబంధన. కేడెన్ మాత్రం ఆ క్విల్టులో ఒక్క కుట్టూ వేయలేదు. వేరే స్త్రీలకు కూలి ఇచ్చి కుట్టించింది, బహుమతి సొమ్ములో వాళ్లకు వాటా దక్కలేదు. పని పోతుందన్న భయంతో వాళ్లు నోరు మెదపలేదు. క్విల్టు చరిత్రకారులు మెరికే వాల్డ్‌వోగెల్, బార్బరా బ్రాక్‌మన్ ఆ పోటీపై 1993లో తెచ్చిన పుస్తకంలో ఈ సంగతి వివరంగా చెప్పారు. అంత నేర్పు చూపిన చేతులకు అరవయ్యేళ్లపాటు గుర్తింపు లేకపోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

చేతికుట్టుకే పెద్దపీట వేసే ఆనవాయితీ 1989లో సడలింది. కెంటకీలోనే ఉన్న పడూకా పట్టణంలో జరిగిన జాతీయ పోటీలో కేరిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషన్‌పై కుట్టిన క్విల్టు అత్యుత్తమ బహుమతి గెలిచింది. దానిపై పెద్ద చర్చే నడిచింది. ఇప్పుడు చాలా పోటీల్లో చేతికుట్టుకు, మిషన్ కుట్టుకు వేర్వేరు విభాగాలున్నాయి. ఇద్దరు కలిసి చేసిన క్విల్టులకు మరో విభాగం ఉంటుంది. అందులో ముక్కలు కలిపినవారి పేరు, పొరలు కుట్టినవారి పేరు రెండూ నమోదు చేస్తారు.