అల్ హైల్‌లో కూర్చుని ఊరి చరిత్ర, ఇంటి చరిత్ర

ఒమాన్ రాజధాని మస్కట్‌కు పడమటి దిక్కున, సీబ్ విలాయత్‌లో ఉంది అల్ హైల్. సుల్తాన్ ఖాబూస్ రహదారికి సముద్రం వైపున్నది ఉత్తర అల్ హైల్, కొండల వైపున్నది దక్షిణ అల్ హైల్. విల్లాలూ అపార్ట్‌మెంట్లూ నిండిన ఈ పేటలో అద్దెకుండే తెలుగు కుటుంబాలకు చరిత్ర పేరిట రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ నేల మీద అంతకుముందు ఏముండేది? కడపలోనో కోనసీమలోనో కరీంనగర్‌లోనో వదిలి వచ్చిన ఊళ్లో మనవాళ్లు ఎన్ని తరాల నుంచి ఉన్నారు? ఈ రెండింటికీ జవాబు వెతకడానికి ఇప్పుడు విమానం ఎక్కనక్కర్లేదు. గల్ఫ్ చరిత్రకు ప్రధానమైన ఆన్‌లైన్ నిధి ఖతార్ డిజిటల్ లైబ్రరీకి 2024 అక్టోబరులో పదేళ్లు నిండాయి. అదే ఏడాది మే నెలలో భారత జాతీయ అభిలేఖాగారం సిబ్బంది మస్కట్‌కే వచ్చి, అక్కడి భారతీయ కుటుంబాల పాత కాగితాలను డిజిటల్ రూపంలోకి మార్చారు.

పాత శతాబ్దాల దగ్గర ఈ నిధులు పెద్దగా పనికిరావు. పోర్చుగీసులు 1507లో మస్కట్‌ను పట్టుకున్నారు, 1650లో యారుబీ ఇమాములు వాళ్లను వెళ్లగొట్టారు, 18వ శతాబ్ది నడుమ ఆల్ బూ సయీద్ వంశం గద్దెనెక్కింది. ఇప్పటి సుల్తాన్ ఆ వంశస్థుడే. కోటల గురించీ ఓడల గురించీ ఆ కాలపు రాతలున్నాయి గానీ, తీరం వెంబడి ఖర్జూర తోటల నడుమ ఉన్న పల్లెల ఊసు అరుదు. తెలుగు ఊళ్ల సంగతి కొంత నయం. రాతి శాసనాల్లో ఊరి పేరు, దాత పేరు, గోత్రం, దానమిచ్చిన పొలం ఎల్లలు దొరుకుతాయి. పురావస్తు శాఖ అచ్చువేసిన దక్షిణ భారత శాసన సంపుటాల్లో పదోది పూర్తిగా తెలుగు శాసనాలకే కేటాయించినది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అది ఉచితం. అయితే శాసనంలో కనబడేవారు రాజులు, రెడ్లు, బ్రాహ్మణులు, సెట్లు. పొలం దున్నినవాడి పేరు కోసం ఇంకా కొన్ని వందల ఏళ్లు ఆగాలి.

రెండు తీరాల కాగితాలూ ఒకే చేతిలోకి వచ్చిన సంవత్సరం 1798. ఆ జులైలో నెపోలియన్ బోనపార్ట్ ఈజిప్టులో దిగాడు. అక్కడి నుంచి ఎర్ర సముద్రం మీదుగా ఇండియాకు వస్తాడేమోనని ఈస్టిండియా కంపెనీకి గుబులు పట్టుకుంది. శ్రీరంగపట్నంలో టిపూ ఫ్రెంచివాళ్లతో చెయ్యి కలిపాడు, పైగా మస్కట్‌లో అతనికి వర్తక కోఠీ ఉంది. హైదరాబాద్‌లో నిజాం అలీ ఖాన్ కొలువులో ఫ్రెంచి అధికారులు నడిపే పటాలం ఉంది, బలం దాదాపు 14 వేలు. దాన్ని నిలబెట్టిన రేమండ్ ఆ మార్చిలోనే చనిపోయాడు. మలక్‌పేట పక్కన గుట్ట మీద అతని సమాధి నేటికీ ఉంది. సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారుల్ని పంపేయాలి, బదులుగా కంపెనీ పటాలాలు వస్తాయి, వాటి ఖర్చుకు నిజాం ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు కట్టాలి. అక్టోబరు 12న మస్కట్ పాలకుడు సయ్యద్ సుల్తాన్ బిన్ అహ్మద్‌తో కంపెనీ తరఫున మీర్జా మెహదీ అలీ ఖాన్ ఖౌల్‌నామా రాయించుకున్నాడు. షరతుల్లో ముఖ్యమైనవి అవే: ఫ్రెంచివాళ్లకు చోటివ్వకూడదు, కొలువులో ఉన్న ఫ్రెంచి మనిషిని సాగనంపాలి. ఆరు వారాల తేడాలో మూసీ ఒడ్డునా మస్కట్ రేవులోనూ ఒకే షరతు మీద ముద్రలు పడ్డాయి.

సంధి రాసుకున్నంత తేలిగ్గా పటాలం కదల్లేదు. కదిలించే పని నెత్తిన పడినవారిలో జాన్ మాల్కం ఒకడు. స్కాట్లండ్ మనిషి, వయసు 29. అప్పుడే హైదరాబాద్ రెసిడెన్సీలో సహాయకుడిగా చేరాడు. అతని పై అధికారి జేమ్స్ కిర్క్‌పాట్రిక్, తరవాత కోఠి రెసిడెన్సీ భవనాన్ని కట్టించినవాడు. పటాలం రద్దవుతోందన్న కబురు లైన్లలో పొక్కగానే సిపాయిలు బకాయి జీతాల కోసం ఎదురు తిరిగి, తమ ఫ్రెంచి అధికారులనే బంధించారు. సముదాయించడానికి వెళ్లిన మాల్కం చుట్టూ మూగి అతన్నీ పట్టుకున్నారు. ఆ గుంపులో, ఒకప్పుడు కంపెనీ 29వ పటాలంలో అతనితో పనిచేసి ఇటు వచ్చి చేరిన సిపాయిలు కొందరున్నారు. పాత దొరను గుర్తుపట్టి, తోటివాళ్లను తోసుకుంటూ వచ్చి అతన్ని తప్పించారు. మరునాడు, అక్టోబరు 22న, కంపెనీ బలగాలు చుట్టుముట్టాయి. మాల్కం నిజాం రౌతులతో ఒక పక్క నిలిచాడు. జీతాలు ఇప్పిస్తామన్న మాట మీద సిపాయిలు ఆయుధాలు కింద పెట్టారు. సాయంత్రానికల్లా ఒక్క ప్రాణం పోకుండా 14 వేల పటాలం లేకుండా పోయింది. ఇందులో వీరగాథ కంటే జీతాల లెక్కే ఎక్కువ. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువాడికి ఆ సిపాయిల కోపం వేరే వివరించనక్కర్లేదు.

పద్నాలుగు నెలలకు అదే మాల్కం ఇరాన్ షా దగ్గరికి రాయబారిగా వెళుతూ, దారిలో 1800 జనవరిలో మస్కట్ చేరాడు. సయ్యద్ సుల్తాన్ ఊళ్లో లేడు, ఓడ మీద గల్ఫ్‌లో తిరుగుతున్నాడు. మాల్కం అక్కడికే వెళ్లి కలిశాడు. జనవరి 18న కొత్త ఒప్పందం కుదిరింది. కంపెనీ తరఫున ఒక ఇంగ్లిషు పెద్దమనిషి మస్కట్‌లో స్థిరంగా ఉండాలి, సూర్యచంద్రుల గమనం ఆగేదాకా స్నేహం చెదరకూడదు అన్నవి అందులోని మాటలు. ఆచంద్రార్కం అని రాసుకున్న తెలుగు శాసనాల పక్కన ఈ కాగితాన్ని పెడితే వరస కలుస్తుంది. స్నేహం మాటెలా ఉన్నా, ఆ పెద్దమనిషి ఆయుష్షు గట్టిది కాదు. మొదట వచ్చిన వైద్యుడు ఆర్చిబాల్డ్ బోగిల్ అదే ఏడాది మస్కట్‌లో చనిపోయాడు. తరవాత వచ్చిన డేవిడ్ సీటన్ 1809లో పోయాడు. ఆ మరుసటి ఏడుతో ఉద్యోగమే ఎత్తేశారు.

ఈ కథంతా ఇంటర్నెట్‌లోనే మూడు చోట్ల కూడబెట్టుకోవచ్చు. ఒప్పందాల పాఠాలు ఎయిచిసన్ సంధి సంపుటాల్లో ఉన్నాయి. హైదరాబాద్ ఒక సంపుటంలో, మస్కట్ మరో దాంట్లో. హైదరాబాద్ పటాలం ఘట్టం జాన్ విలియం కే 1856లో ప్రచురించిన మాల్కం జీవిత చరిత్రలో ఉంది. ఈ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. మస్కట్ పక్షపు దస్తావేజులు ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి.

ఆ లైబ్రరీ ఖతార్ ఫౌండేషన్, ఖతార్ జాతీయ గ్రంథాలయం, బ్రిటిష్ లైబ్రరీ కలిసి తెరిచినది. లండన్‌లోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో గల్ఫ్‌కు సంబంధించినవి పేజీ పేజీ ఫొటోలుగా అందులో ఉచితంగా ఉన్నాయి. మస్కట్ ఏజెన్సీ ఫైళ్ల గుర్తు ఐఓఆర్/ఆర్/15/6. సీబ్ ఒప్పందం కాలపు రాజకీయాలకు అవే ఆధారం. 1920 సెప్టెంబరు 25న సుల్తాన్ తైమూర్‌కూ లోనాటి ఇమాం పక్షానికీ మధ్య ఐసీఎస్ అధికారి రోనాల్డ్ వింగేట్ సీబ్‌లో కుదిర్చిన రాజీ అది. అల్ హైల్ నుంచి ఆ ఊరికి కారులో కొద్ది నిమిషాలే.

ఊళ్ల వివరం కావలసినవాళ్లు చూడాల్సింది లారిమర్ గెజెటీర్. 20వ శతాబ్ది మొదట్లో గల్ఫ్ అధికారులకు చేతిలో ఇమిడే కైపుస్తకం కావాలని ఐసీఎస్ అధికారి జాన్ గోర్డన్ లారిమర్‌కు పని అప్పగించారు. భౌగోళిక సంపుటం 1908లో, చారిత్రక సంపుటం 1915లో కలకత్తాలో అచ్చయ్యాయి, మొత్తం దాదాపు 5 వేల పేజీలు. రెండోది వచ్చేనాటికి లారిమర్ లేడు. 1914లో బుషెహర్‌లో తన పిస్తోలే పేలి చనిపోయాడు. తీరం వెంబడి పల్లె పల్లెకూ ఇళ్లెన్ని, ఏ తెగవాళ్లు, ఖర్జూర చెట్లెన్ని అన్న లెక్క ఆ పుస్తకంలో ఉంది. పాలక కుటుంబాల వంశవృక్షాలూ ఉన్నాయి. నూరు ప్రతులు కూడా వేయని ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నాలుగైదు దశాబ్దాలు రహస్యంగా దాచింది. ఇప్పుడది ఫోన్‌లో తెరుచుకుంటుంది.

వెతకడంలోనే కిటుకుంది. ఇంగ్లిషు అక్షరాల్లో అల్ హైల్‌కూ, ఉత్తర అరేబియాలో రషీదీల రాజధాని హాయిల్‌కూ తేడా లేదు. పేరు కొట్టగానే ఆ ఎడారి నగరపు యుద్ధాలు వరదలా వచ్చి పడతాయి. బాతినా తీరం పేరో సీబ్ పేరో జోడిస్తే గానీ ఈ పల్లె పైకి తేలదు. సీబ్‌కు సిబ్ అనీ, మస్కట్‌కు మస్‌ఖత్ అనీ పాత రాతలున్నాయి. తెలుగు ఊళ్లకూ ఇదే తంటా. విజయవాడను బెజవాడగా, కాకినాడను కొకనాడాగా, ఏలూరును ఎల్లూర్‌గా, కడపను కడప్పాగా, బందరును మసూలిపటంగా వెతకాలి.

తెలుగు ఊళ్లకు లారిమర్ వంటివాడు అంతకు నూరేళ్ల ముందే దొరికాడు. కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకంజీ 1790లలో నిజాం రాజ్యంలో సర్వే చేస్తున్నప్పుడు ఏలూరు ప్రాంతపు కావలి బొర్రయ్య అతని దగ్గర చేరాడు. 1803లో బొర్రయ్య చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య పని అందుకున్నాడు. వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల నోట రాయించినవే కైఫీయతులు. ఊరు ఎలా కట్టారు, గుడి ఎవరు నిలిపారు, చెరువు ఎప్పుడు తెగింది, కరణికం మిరాశీ ఎవరిది అన్నవి వాటిలో ఉంటాయి. మెకంజీ 1821లో చనిపోయాక చెదిరిపోతున్న వాటికి సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. కడపలోని బ్రౌన్ గ్రంథాలయం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా వేసింది. వాటి తరవాత చూడాల్సినవి జిల్లా మాన్యువళ్లు: నెల్లూరుకు బోస్వెల్ 1873, కడపకు గ్రిబుల్ 1875, గోదావరికి మోరిస్ 1878, కృష్ణాకు గోర్డన్ మెకంజీ 1883. ఇలాంటి పాత పుస్తకాలు ఎన్నో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయ్యాయి. ఆ పథకం వెనక చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి కృషి ఉంది. ఆ సైటు మూతపడ్డా, పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరినందువల్ల బతికాయి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ క్యాటలాగే నెలల తరబడి అందకుండా పోయింది. దొరికిన పేజీని దింపుకుని దాచుకోవాలనడానికి ఈ రెండు సంగతులు చాలు.

ఊరి నుంచి ఇంటికి వస్తే దారి సన్నబడుతుంది. కాశీ, గయ, హరిద్వారాల్లో పండాలు యాత్రికుల పేర్లు, తండ్రి తాతల పేర్లు, ఊరు రాసుకునే బహీలున్నాయి. అమెరికాలోని యూటా వంశావళి సంఘం వాటిలో చాలావాటిని మైక్రోఫిల్మ్ చేసింది. అవి ఫ్యామిలీసెర్చ్‌లో చూడొచ్చు. అయితే యాత్ర చేసే స్తోమత ఉన్న ఇళ్ల పేర్లే అందులో ఎక్కాయి. స్తోమత లేనివాళ్ల పేర్లు మరోచోట పడ్డాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,184 మంది కూలి ఒప్పందం మీద నాటాల్ వెళ్లారు. ఓడ జాబితాలో ఒక్కో మనిషికి ఒక్కో వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల కూలీల పేర్లు ఇంత వివరంగా స్వదేశంలో ఏ కచేరీలోనూ రాసి ఉండరు. డర్బన్‌లోని విశ్వవిద్యాలయంవారి కృషితో ఆ జాబితాలూ ఆన్‌లైన్‌లోకి వచ్చాయి.

దగ్గరి కాలానికి వచ్చేసరికి వరస తప్పుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి సైటు అడంగల్, 1బీ వంటి భూమి రికార్డులు చూపిస్తుంది. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఆంధ్ర దస్తావేజుల ఈసీ 1983 నుంచి దొరుకుతుంది. ఇవి నేటి హక్కుదారుడిని చెబుతాయే గానీ తాత ముత్తాతలను చెప్పవు. బ్రిటన్‌లో నూరేళ్లు గడిచాక జనగణన పత్రాలను ఇంటింటి పేర్లతో సహా ప్రజలకు చూపిస్తారు. మన 1948 జనగణన చట్టం ప్రకారం అవి ఎవరికీ చూపరు.

1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక కట్టడాలు మొదలై, ఒమాన్‌కు తెలుగువాళ్లు మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, నర్సులుగా, ఇంటి పనివాళ్లుగా, ఇంజినీర్లుగా వచ్చారు. వాళ్ల వలస అనుమతులు ప్రభుత్వ కార్యాలయాల్లో నమోదయ్యాయి, ఇప్పుడు ప్రభుత్వ వలస పోర్టల్ ఈమైగ్రేట్‌లో నమోదవుతున్నాయి. వంశ చరిత్ర వెతికేవాళ్లకు ఆ కిటికీ తెరుచుకోదు. 1860లో నాటాల్ వెళ్లిన కూలీ పేరు మునిమనవడికి నిమిషంలో దొరుకుతుంది. 1985లో సీబ్‌లో గోడలు కట్టిన తాపీ మేస్త్రీ పేరు మాత్రం కొడుకు ఎంత వెతికినా తగలదు.

మస్కట్‌లో 2024 మే నెలలో జరిగిన పని ఇక్కడే పనికొస్తుంది. భారత రాయబార కార్యాలయం, ఇండియన్ సోషల్ క్లబ్ తోడ్పాటుతో జాతీయ అభిలేఖాగారం 32 కుటుంబాల నుంచి 7 వేలకు పైగా పత్రాలను స్కాన్ చేసింది. అన్నిటికన్నా పాతది 1838 నాటిది. భాషలు గుజరాతీ, అరబ్బీ, ఇంగ్లిషు, హిందీ. విదేశంలోని భారతీయుల సొంత కాగితాలను ఆ సంస్థ ఇలా సేకరించడం అదే మొదటిసారి. వాటిని తన పోర్టల్ అభిలేఖ్ పటల్‌లో పెడతామని ప్రకటించింది. అవి ప్రధానంగా కచ్, గుజరాత్ వర్తక కుటుంబాలవి. ఖాతా పుస్తకాలు దాచుకోవడం వర్తకులకు వృత్తిధర్మం గనక వాళ్ల చరిత్ర మిగిలింది.

అల్ హైల్ తెలుగు ఇళ్లలో అలాంటివి లేకపోలేదు. గడువు తీరిన పాస్‌పోర్టులు, అరబ్బీలో అచ్చయిన లేబర్ కార్డులు, నీలం రంగు ఎయిరోగ్రాములు, బ్యాంకు డ్రాఫ్టు కౌంటర్ ఫాయిళ్లు, వెనక తేదీ రాసిన స్టూడియో ఫొటోలు ఉంటాయి. ఏ గెజెటీరూ రాయని కాలానికి ఆధారాలు అవే. వాటిని స్కాన్ చేసి, ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న మూడు ముక్కలు తెలుగులో రాసి, బతికున్నవాళ్ల పాస్‌పోర్టు నంబర్లు మూసేసి, ఒకటికి రెండు చోట్ల దాచుకుంటే చాలు. అటు ఒమాన్ జాతీయ దస్తావేజుల సంస్థ, ఇటు అభిలేఖాగారం సొంత కాగితాలను స్వీకరిస్తున్న రోజులివి. ఆ కాగితాలు ఇంటి గడప దాటితేనే ఒమాన్ తెలుగువాళ్ల పేర్లు వెతికినప్పుడు దొరుకుతాయి.