అడంగల్ రాసే చెయ్యి

నల్లమల అంచున అర్ధవీడు ఉన్న కంభం ప్రాంతం 1800లో దత్తమండలాలతోపాటు కుంపిణీ చేతికి వచ్చింది. కడప జిల్లాలో కొన్నాళ్లుండి 1858లో కర్నూలులో కలిసింది, 1970లో కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాకు మారింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా కేంద్రాలు ఎన్ని మారినా ఊరి లెక్క రాసే చెయ్యి మాత్రం 1984 దాకా కరణానిదే. ఆ ఏర్పాటంతా పెత్తనమేనని కొట్టిపారేయడం తేలిక. కానీ అందులో పనికొచ్చేదేదో, చెరిచిందేదో విడదీసి చూడాలి. నేటి గ్రామ సచివాలయంలో ఒకే ట్యాబ్‌ను నలుగురు ఉద్యోగులు వాడే చోట ఎవరి అధికారం ఎంతవరకో తేల్చడానికి అంతకంటే దగ్గరి అనుభవం మనకు లేదు.

కుంపిణీ కలెక్టరు మన్రో దత్తమండలాల్లో పాదుకొల్పిన రైత్వారీ శిస్తు పద్ధతిలో పనులు పంచి ఉండేవి. లెక్క రాసేది కరణం, శిస్తు వసూలు చేసేది మునసబు, చెరువు నీళ్లు పొలాలకు పారించేది నీరుగంటి. ఊరి పొలాలు, పైర్ల లెక్క పుస్తకమైన అడంగల్‌లో రాసిన పైరు నిజంగా చేలో ఉందా అని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అజమాయిషీ చేసేవాడు. ఏడాదికోసారి జమాబందీలో లెక్కలన్నీ పై అధికారి ముందు పెట్టాల్సిందే. రాసినవాడే సరిచూసుకుంటే చెల్లదన్న జాగ్రత్త ఇందులో స్పష్టంగా ఉంది. మరి చెడిందెక్కడ? రాసే హక్కు వంశానికి అంటుకుంది, 1895 నాటి మద్రాసు చట్టం దాన్ని మరింత బిగించింది. పుస్తకం కరణం ఇంట్లో, చదువురాని రైతు వాకిట్లో. గ్రామాలను కలిపినా విడదీసినా పాత ఉద్యోగుల కుటుంబాల్లోంచే కొత్తవాణ్ణి ఎంచాలన్న నిబంధన చెల్లదని గాజుల దశరథ రామారావు కేసులో 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో పనుల పంపకం మళ్లీ వచ్చింది. డిజిటల్ అసిస్టెంటుకో లాగిన్, వెల్ఫేర్ అసిస్టెంటుకో లాగిన్. ఒకరి పాస్‌వర్డ్ మరొకరికి తెలిస్తే మాత్రం ఆ పంపకం పేరుకే మిగులుతుంది. నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ అందక, సిబ్బంది చాలక, ఒకరు సెలవు పెడితే రైతు పని ఆగిపోతుంది కదా, పాస్‌వర్డ్ చెబితే తప్పేమిటని అడిగేవారున్నారు. ఆ ఇబ్బంది నిజమైనదే, మండలానికి పదేపదే తిరిగే రైతు ఖర్చు చిన్నది కాదు. అయితే ఇలాంటి ఇబ్బంది పాత రోజుల్లోనూ వచ్చింది. వారసుడు మైనరైతే కలెక్టరు మరొకరిని నియమించేవాడు, ఆ వచ్చినవాడు తన పేరుతోనే పని చేసేవాడు. ఇప్పుడూ అలాగే, సెలవులో ఉన్నవారి బదులు పనిచేసేవారికి కొద్దిరోజుల అధికారం వారి సొంత లాగిన్‌లోనే ఇవ్వవచ్చు. 2015లో వచ్చిన ‘మీ భూమి’ వెబ్‌సైటుతో అడంగల్ చూసే వీలు రైతుకు దక్కింది. ఏ గడిని ఏ లాగిన్ నుంచి ఏ రోజు మార్చారో కూడా ఆ అడంగల్ కిందే అచ్చవ్వాలి.