గొంతొకరిది, పేరొకరిది

1970 జనవరి 14, రాత్రి. లాస్ వేగస్, ఫ్రాంటియర్ హోటల్. బయట ఎడారి చలి. లోపల హాలు కిక్కిరిసింది. వేదిక మీద ముగ్గురు: డయానా రాస్, మేరీ విల్సన్, సిండీ బర్డ్‌సాంగ్. ఈ గాయక బృందం సుప్రీమ్స్‌తో డయానాకి ఇదే ఆఖరాట. టేపులు గిర్రున తిరుగుతున్నాయి. ఈ వీడ్కోలునీ మోటౌన్ రికార్డుల కంపెనీ రికార్డుగా అమ్మబోతోంది!

ఈ రాత్రికి మోటౌన్ యజమాని బెర్రీ గోర్డీ ఎప్పుడో దారి వేశాడు. 1967లో బృందం పేరే మార్చాడు, 'డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్' అని. ఆ వేసవిలో, ఇదే ఊళ్లో, బృందాన్ని నిలబెట్టిన ఫ్లోరెన్స్ బల్లార్డ్‌ని ఇంటికి పంపేశాడు. 1969లో జాక్సన్ 5 బృందం తొలి ఆల్బమ్ పేరులోనూ డయానాని ముందు పెట్టాడు. ఇక కావల్సింది ఒక్క వీడ్కోలు పాట.

అదీ దొరికింది. 'సమ్‌డే వుయ్ విల్ బి టుగెదర్'. డయానా సోలో కోసమని మొదలైన ఆ పాటలో, నిర్మాత జానీ బ్రిస్టల్ పక్క మైకులోంచి ఆమెకి హుషారిస్తుంటే ఆ గొంతూ టేపుకెక్కింది, బాగుందని ఉంచేశారు, కోరస్‌కి బయటి గాయనుల్ని పిలిచారు, మేరీ, సిండీల గొంతు అందులో వెతికినా దొరకదు, అయినా రికార్డు మీద సుప్రీమ్స్ పేరే అచ్చయింది. డిసెంబర్‌కల్లా అమెరికాలో నంబర్ వన్. తాము పాడని ఆ పాటనే ఇద్దరూ ఈ రాత్రి వేదిక మీద పాడాలి.

పాడారు. చప్పట్లు మార్మోగాయి. డయానా స్థానంలోకి వచ్చే జీన్ టెరెల్‌ని అక్కడే జనానికి పరిచయం చేశారు. తెర పడింది. తర్వాత మేరీకి ఫోన్. అవతల గోర్డీ. జీన్ వద్దు, ఇంకొకర్ని పెడదామన్నాడు. మేరీ కుదరదంది. ఆత్మకథలో ఆమే రాసుకున్న మాట ఇది.

వసంతం వచ్చింది. డయానా తొలి సోలో సింగిల్ 20వ స్థానం దగ్గర ఆగిపోయింది. ఆమె లేని సుప్రీమ్స్ పాట పదో స్థానానికెక్కింది! మూడేళ్ల పథకం బెడిసికొట్టిందా?

డయానా సోలో ఆల్బమ్‌లో ఆరు నిమిషాల పాటొకటి ఉంది, 'ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్'. పాట మధ్యలో మాటలు. సింగిల్‌గా వద్దన్నాడు గోర్డీ. రేడియో డీజేలు ఆగలేదు. వాళ్లే కత్తిరించి వాయించేశారు. గోర్డీ దిగొచ్చాడు, కుదించి విడుదల చేశాడు. సెప్టెంబర్‌లో నంబర్ వన్. మూడు వారాలు.

ఫ్లోరెన్స్ కూడా సోలోగా పాడింది, 1968లోనే, ఏబీసీ లేబుల్‌కి. కానీ మోటౌన్ షరతు పెట్టింది: సుప్రీమ్స్ మనిషినని ప్రచారంలో ఎక్కడా చెప్పుకోకూడదు. తాను కట్టిన బృందం అది. రెండు సింగిల్స్ వచ్చాయి, ఆడలేదు. ఆల్బమ్‌ని ఏబీసీ విడుదలే చెయ్యలేదు.