విచారణ గురువు – ప్రజా గ్రంథాలయము

కెనడాలోని నోవా స్కోషియాయందు 1870లో జన్మించిన ఫాదర్ జేమ్స్ టాంప్కిన్స్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులై, జ్ఞానము సామాన్యులకు అందవలెనని 1921లో చిన్న పుస్తకము ప్రకటించిరి. కళాశాలల ఏకీకరణను సమర్థించి బిషప్పుగారి యనుగ్రహమును గోల్పోయి, 1922లో కాన్సో యను బెస్తపల్లెకు విచారణ గురువుగా పంపబడిరి. అచ్చటి పేదరికమును జూచి, బెస్తలచే చదివించిరి, చర్చింపజేసిరి. 1927లో వారు తమ గోడు వినిపింపగా ప్రభుత్వము రాయల్ కమిషనును నియమించెను.

1935లో రిజర్వ్ మైన్స్ అను బొగ్గుగనుల గ్రామము చేరి, తమ నివాసమునందే ప్రజా గ్రంథాలయమును నెలకొల్పిరి. అచ్చటి గని కార్మికులలో 11 కుటుంబములవారు కూడి చదివి, సహకార పద్ధతిని 1938లో ఇండ్లు కట్టుకొని, ఆ వాడకు టాంప్కిన్స్‌విల్ అని పేరిడిరి. 1953లో ఆయన దివంగతులైరి.

పుస్తకము చదివినవారు ఇల్లు కట్టుకొనిరను ఈ చరిత్ర, రజతోత్సవవేళ మన గ్రంథాలయ సభ్యులెల్లరును తలపదగినది.