నెత్తుట్లో నేరం ఉంటదా?

పోయినేడాది మా బళ్ళో పన్నెండొందల రూపాయలు పోయాయి. ఒక టీచరమ్మ బల్ల సొరుగులో పెట్టుకున్న డబ్బు. మధ్యాహ్నం బెల్లు తర్వాత చూస్తే లేదు. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. అయినా ఏడో తరగతి పిల్లోడొకణ్ణి స్టాఫ్ రూముకి పిలిపించారు. జేబులు తిరగేయించారు. పుస్తకాల సంచి కింద కుమ్మరించారు. ఏమీ దొరకలేదు. "వాడే అయ్యుంటాడు సార్, ఎరుకలోళ్ళ పిల్లోడు గదా, నెత్తుట్లోనే ఉంటది" అన్నారు నా పక్క కుర్చీలో మాస్టారు. అన్నాక నా మొహం చూశారు. "మిమ్మల్ని కాదు సార్, మీరు వేరు" అని నవ్వారు.

నేనూ ఎరుకలోణ్ణే. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి. మా అమ్మ ఈతబుట్టలు అల్లి, మా నాయన పందులు మేపి నన్ను చదివించారు. నేను వేరైతే మా నాయన ఎవరు? ఆ రోజు ఈ మాట అడగలేకపోయాను. ఎందుకు అడగలేకపోయానో రాత్రి పడుకున్నాక తెలిసింది. నెత్తుటి సిద్ధాంతానికి నేనే ఒకసారి టిక్కు పెట్టి మార్కు తెచ్చుకున్నాను.

టీచరు ఉద్యోగానికి చదివిన వాళ్ళందరికీ జూక్స్, కాలికాక్ అనే పేర్లు తెలుసు. మనోవిజ్ఞానం పుస్తకంలో అనువంశికత, పరిసరాలు అనే పాఠంలో వస్తాయి. డగ్డేల్ అనే ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో జైళ్ళు తిరిగి, ఒకే కుటుంబం వాళ్ళు చాలామంది జైలుపాలయ్యారని 1877లో పుస్తకం రాశాడు. గొడార్డ్ అనే ఆయన 1912లో ఇంకో కథ చెప్పాడు. ఒక సైనికుడికి సారాకొట్టు పిల్లతో పుట్టిన వంశమంతా చెడిపోయిందట, పెద్దింటి భార్యతో పుట్టిన వంశమంతా బాగుపడిందట. కోచింగ్ లో సారు దాన్ని "మంచి నెత్తురు, చెడ్డ నెత్తురు అని గుర్తు పెట్టుకోండిరా" అని చెప్పాడు. మోడల్ పేపర్లో ప్రశ్న వచ్చింది. అనువంశికతను సమర్థించే అధ్యయనం ఏది? నేను కాలికాక్ కి టిక్కు పెట్టాను. ఒక మార్కు వచ్చింది. పక్కన కూర్చున్న స్నేహితుడికి నా కులం తెలీదు. నాకు తెలుసు గదా.

ఆ పాఠంలో రాయని సంగతులు ఉద్యోగం వచ్చాక చదువుకున్నాను. పరిసరాలు మారిస్తే మనుషులు మారతారని డగ్డేల్ స్వయంగా రాశాడు. తర్వాత వచ్చిన వాళ్ళు ఆ ముక్క వదిలేసి నెత్తురు ముక్కే పట్టుకున్నారు. గొడార్డ్ మనుషులు ఎప్పుడో చనిపోయిన వాళ్ళని కూడా ఇరుగుపొరుగు చెప్పిన మాటలు విని మందబుద్ధులని రాసుకున్నారు. ఆ "చెడ్డ వంశం" మూలపురుషుడు అసలు ఆ సైనికుడి కొడుకే కాదని తర్వాత రికార్డులు వెతికిన వాళ్ళు తేల్చారు. గొడార్డే 1928 నాటికి తన మాటలు చాలా వెనక్కి తీసుకున్నాడు. పరీక్షలో మాత్రం ఆ ప్రశ్న అట్లాగే ఉంది.

ఇటలీలో లాంబ్రోసో అనే డాక్టరు ఒక దొంగ పుర్రె చూసి, నేరస్థుడు పుట్టుకతోనే వేరే రకం మనిషి అన్నాడు. దవడలు, చెవులు, నుదురు కొలిచి దొంగని కనిపెట్టొచ్చన్నాడు. 1876లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో గోరింగ్ అనే జైలు డాక్టరు మూడువేల మంది పైచిలుకు ఖైదీల్ని కొలిపించి, మామూలు మనుషులతో పోల్చి, అట్లాంటి ప్రత్యేకమైన రకం ఏదీ లేదని 1913లో తేల్చాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లాంబ్రోసో పుస్తకం రాకముందే, అంటే 1871లోనే, మన దేశంలో నేరస్థ తెగల చట్టం వచ్చింది. పుర్రెలు కొలిచే శ్రమ కూడా తెల్లోడు పడలేదు. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె, అట్లాగే దొంగతనం కులవృత్తిగా ఉన్నవాళ్ళు కూడా ఉంటారు అని వాదించారు దొరలు. ఈ తర్కం వాళ్ళు ఓడలో తెచ్చుకున్నది కాదు, ఇక్కడే దొరికింది. పుట్టుకని బట్టి పని, పుట్టుకని బట్టి గౌరవం అని మనువు చెప్పిందాన్నే పుట్టుకని బట్టి నేరం అని దొర రాసుకున్నాడు. కులం అనేది నేరశాస్త్రం అయి కూర్చుంది. అందుకే లాంబ్రోసోని యూరప్ వదిలేసినా మన ఊరు ఈ చట్టాన్ని మనసులోంచి వదల్లేదు.

మొదట్లో ఆ చట్టం ఉత్తరాదిన అమలైంది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ, అంటే మాకూ వచ్చింది. పేరు ఎక్కించుకోవాలి, వేలిముద్రలు వెయ్యాలి, హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బళ్ళలో పెట్టే అధికారం కూడా సర్కారుకి ఇచ్చారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్మెంటు 1913-14 ప్రాంతంలో పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. ఆ పేరు మీద 1991లో ఒక సినిమా వచ్చింది. ఆ ఊరి దొంగ కథ మీద 2023లో ఇంకోటి వచ్చింది. ఆ ఊరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో జనానికి తెలియలేదు గానీ ఆ ఊరి పేరు చెబితే మాత్రం జేబు తడుముకుంటారు.

మాది ఆ ఊరు కాదు. మా మేనత్తని అక్కడ ఇచ్చారు. కానీ హాజరు మా పల్లెలోనూ ఉండేది. మా తాత చిన్నప్పుడు వాళ్ళ నాయన రాత్రిపూట పేరు పిలిస్తే పలకడానికి పోయేవాడట. ఒక రాత్రి జొరంతో లేవలేకపోతే, మా తాతని పంపించి "మా నాయన ఇంట్లోనే ఉన్నాడు దొరా" అని చెప్పించారట. పిల్లోడి మాట చెల్లదని, ఆ జొరంలోనే మోసుకుపోయి చూపించాల్సి వచ్చిందట. నేను బళ్ళో చేరిన రోజుల్లో "హాజరు పలికావంట్రా?" అని మా తాత అడిగితే నాకు నవ్వొచ్చేది. ఆయన నవ్వేవాడు కాదు.

మరి మావాళ్ళలో దొంగతనాలు చేసినోళ్ళు లేరా? ఉన్నారు. దాచను. కానీ దానికి ముందు మేం ఏం చేసేవాళ్ళమో అడగాలి గదా. మావాళ్ళలో ఉప్పెరుకలోళ్ళని ఒక శాఖ ఉంది. పేరులోనే పని ఉంది. సముద్రపొడ్డున ఉప్పు తీసుకుని ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని మెట్ట ఊళ్ళకి పోయి ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. 1850ల తర్వాత రైళ్ళొచ్చాయి. ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం కిందికి పోయింది. 1876-78 కరువులో గొడ్డూ గోదా చచ్చాయి. 1882 అడవి చట్టంతో వెదురుకీ మేతకీ ఆంక్షలు వచ్చాయి. ఊరూరూ తిరిగి బతికేవాడి దారులన్నీ మూసేసి, వాడు తిరుగుతున్నాడు గాబట్టి దొంగ అన్నారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో ఇదంతా వివరంగా రాశారు. మా తాత బతికుంటే చదివి వినిపించేవాణ్ణి.

ఇంకో అధ్యయనం ఉంది. దాన్ని మన టీచరు పాఠాల్లో నేను చూడలేదు. షికాగో నగరంలో షా, మెకే అనే ఇద్దరు ఏళ్ళ తరబడి పిల్లల కేసులు లెక్కగట్టి 1942లో పుస్తకం వేశారు. కొన్ని పేదవాడల్లో కేసులు ఎప్పుడూ ఎక్కువే. కానీ ఆ వాడల్లో మనుషులు మారిపోతూ వచ్చారు. ఒకప్పుడు జర్మన్లు, ఐరిష్ వాళ్ళు, తర్వాత పోలెండు వాళ్ళు, ఇటలీ వాళ్ళు. వాడ వదిలి బాగుపడ్డ వాళ్ళ పిల్లల కేసులు తగ్గాయి. వాళ్ళ నెత్తురు మారిందా? అదే నెత్తురు గదా! 1938లో టానెన్‌బామ్ అనే ఆయన మరో మాట చెప్పాడు. పిల్లోడికి చెడ్డవాడని ముద్ర వేసి అందరూ అట్లాగే చూస్తుంటే చివరికి వాడు అదే అవుతాడని. ఈ ముక్క మా గూడెంలో ఏ ముసలమ్మని అడిగినా చెబుతుంది. పనిలోకి పిలవరు, ఇంట్లో అడుగు పెట్టనియ్యరు, ఊళ్ళో చెంబు పోయినా మా గుడిసెలు సోదా చేస్తారు. ఇంక వాణ్ణి ఏమవ్వమంటారు?

నెహ్రూ 1936లో నెల్లూరులో ఈ చట్టాన్ని ఖండించారు. మద్రాసు రాష్ట్రం 1947లో దాన్ని తీసేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కానీ దాని జాగాలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్ కి 1962లో వచ్చింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు కొట్టేస్తూ, విముక్త జాతుల్ని పుట్టు నేరస్థులుగా చూడటాన్నీ తప్పుబట్టింది. మంచిదే. స్టాఫ్ రూములో రాసిపెట్టని చట్టాన్ని ఎవరు కొట్టేస్తారు?

ఆ పిల్లోడు తొమ్మిది రోజులు బడికి రాలేదు. పదోరోజు నేను వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ బుట్ట పక్కనబెట్టి లేచి నిలబడింది. "మావోడు తియ్యలేదు అయ్యవారూ, తీసుంటే నేనే తెచ్చి మీ కాళ్ళకాడ పెడతా" అంది. నేను మా ఎరుకల బాసలో మాట్లాడాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. పిల్లోడు తలుపు వెనక నించి తొంగి చూశాడు. మర్నాడు నాతోపాటే బడికి తీసుకొచ్చాను. స్టాఫ్ రూములో ఆ మాస్టారితో చెప్పాను, "నేను వేరు కాదు మాస్టారూ. వాడూ నేనూ ఒకటే." ఆయన ఏమీ అనలేదు. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటలు తక్కువ.

డబ్బు ఇప్పటికీ దొరకలేదు. నాకు కూడా తెలీదు ఎవరు తీశారో. ఒకవేళ వాడే తీసుండొచ్చు. తీస్తే అది పన్నెండేళ్ళ పిల్లోడు ఆశకో ఆకలికో చేసిన తప్పు. పెద్దింటి పిల్లోడు తీస్తే చిలిపితనం, మావాడు తీస్తే పుట్టుక ఎట్లా అవుతుంది?

టీచరు పరీక్షలకి చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. ఆ ప్రశ్న మీకూ వస్తది. ఉద్యోగం కావాలి గాబట్టి టిక్కు పెట్టండి, నేనూ పెట్టాను. కానీ దాన్ని నమ్మి బళ్ళోకి రాకండి. ఏ పిల్లోడి సంచైనా దులిపే ముందు ఎవడి పేరు ముందుగా మీ నోటికొచ్చిందో, ఎందుకొచ్చిందో ఒక్కసారి చూసుకోండి.