తోకకు కట్టిన ఖరీదు

కోలారు జిల్లా బంగారుపేట స్టేషన్లో దిగితే ఒక దారి కేజీఎఫ్‌కు పోతుంది, ఇంకో దారి బూదికోటకు. మొదటి చోట 2001 ఫిబ్రవరి 28 దాకా బంగారం తవ్వారు. రెండో చోట హైదరలీ పుట్టాడు. హైదరలీని పైకి తెచ్చింది గుర్రం. రైలు దిగిన జనాన్ని మూటాముల్లెతో ఇళ్ళకు చేర్చిందీ చాలాకాలం గుర్రమే, కాకపోతే జట్కాకు కట్టిన బక్కగుర్రం. సర్దారు గుర్రమైనా జట్కా గుర్రమైనా చావు వచ్చే తోవ ఎక్కువసార్లు ఒకటే: కడుపునొప్పి. అర్ధరాత్రి మొదలవుతుంది. ముందుకాలితో నేల గీరుతుంది, మెడ తిప్పి డొక్క చూసుకుంటుంది, పడి దొర్లుతుంది. తెల్లారేసరికి లేస్తుందో లేదో చెప్పలేం.

ఇంత పెద్ద జంతువు ఇంత సులువుగా ఎందుకు పోతుంది? గుర్రం వాంతి చేసుకోలేదు. దాని గొంతు దిగువన ఉన్న బిగింపు లోపలికే తెరుచుకుంటుంది, బయటికి రానివ్వదు. ఒళ్ళు అయిదు వందల కిలోలున్నా పొట్ట సంచి పది, పదిహేను లీటర్లే. దాని వెనక సుమారు 30 మీటర్ల పేగు, చాలా మేర వదులుగా వేలాడుతూ ఉంటుంది. ఎక్కడో మెలిపడితే పైనున్నదంతా వెనక్కి వచ్చి పొట్ట సంచిలో చేరుతుంది. పోయే దారి లేక సంచి పగులుతుంది. అందుకే గుర్రం విషయంలో ‘పొద్దున చూద్దాం’ అనే మాట పనికిరాదు.

జట్కావాళ్ళకు ఇది తెలుసు. గుర్రాన్ని పడుకోనివ్వకుండా లేపి, గోనె కప్పి, రాత్రంతా నడిపించేవాళ్ళు. తల ఎత్తిపట్టి వెదురు గొట్టంతో వాము, ఇంగువ కాచిన నీళ్ళు పోసేవాళ్ళు. నడిపించడం కొంతవరకు మంచిదే, దొర్లి దెబ్బలు తగిలించుకోకుండా ఆపుతుంది. గొట్టం మాత్రం ప్రమాదం. తల పైకెత్తిన గుర్రానికి పోసింది పొరబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవాళ గుర్రాల ఆసుపత్రిలో మొదట చేసే పనీ గొట్టంతోనే. కాకపోతే అది ముక్కులోంచి పొట్టలోకి వెళ్తుంది, ముందుగా లోపలున్నదాన్ని బయటికి వదలడానికి. గుర్రానికి రాని వాంతిని మనిషి దానికి చేసిపెట్టడమన్నమాట.

వెదురు గొట్టం నుంచి ఈ గొట్టం దాకా రావడానికి ఇన్ని వందల ఏళ్ళు పట్టింది మందులు తెలియక మాత్రమే కాదని నా అనుమానం. చచ్చిన గుర్రం ఖరీదు ఎవరి నెత్తిన పడిందో చూస్తూ పోతే ఈ కథ ఇంకోలా కనిపిస్తుంది.

మన దగ్గర లెక్క మొదట్లో బాగానే ఉంది. గుత్తి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన మాటల్లో మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానన్నది ఉంది. కౌటిల్యుడు ఇంకా గట్టివాడు. ఆయన అర్థశాస్త్రం తాటాకుల్లో పడి ఉంటే 1905లో మైసూరు గ్రంథాలయంలో శామశాస్త్రి చేతికొచ్చింది, 1909లో అచ్చయింది. అందులో గుర్రాల అధ్యక్షుడి మీద ఒక అధ్యాయమే ఉంది. వైద్యుడి అశ్రద్ధ వల్ల రోగం ముదిరితే వైద్యపు ఖర్చుకు రెట్టింపు జరిమానా. మందు లోపం వల్ల అసలుకే మోసం వస్తే గుర్రం ఖరీదంతా వైద్యుడే కట్టాలి. ఇంత తిరకాసు పెడితే ఏ వైద్యుడైనా రాత్రి నిద్రపోతాడా? శాలలోనే కాపు కాస్తాడు.

తర్వాత లెక్క తిరగబడింది. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో తమిళ తీరానికి వచ్చాడు. అక్కడి పాండ్యరాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగలవనీ రాశాడు. ఒక్కో గుర్రానికి ఇచ్చేది బంగారం. వాటిని చూసుకోవడం ఇక్కడివాళ్ళకు తెలియదట. మాంసం కలిపిన అన్నం పెట్టేవారట. అసలు సంగతి ఆ తర్వాతి వాక్యంలో ఉంది. ఓడల్లో గుర్రాలు తెచ్చే వర్తకులు గుర్రపు వైద్యులను వెంట తీసుకురారు, తమంతట తాము వచ్చేవాళ్ళను కూడా రానివ్వరు. గుర్రాలు బతికితే వచ్చే ఏడు బేరం ఉండదు కదా!

రెండు వందల ఏళ్ళకు చంద్రగిరి నుంచి వచ్చి విజయనగరం గద్దెనెక్కిన సాళువ నరసింహుడు మరో అడుగు వేశాడు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం ఆయన ఓర్ముజు, ఏడెన్ల నుంచి గుర్రాలను మూడింటికి వెయ్యి వరహాల చొప్పున కొన్నాడు, చచ్చినా సరే, బతికినా సరే. నడిసముద్రంలో చచ్చిపోతే తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చే సొమ్మే ఇచ్చేవాడు. రాజనీతిగా ఇది గొప్ప ఎత్తు. గుర్రాలు పక్కరాజ్యాలకు పోకుండా తన గుమ్మానికే వస్తాయి. ఓడలో కడుపునొప్పితో దొర్లే గుర్రం పక్కన రాత్రంతా కూర్చునే అవసరం మాత్రం ఎవరికుంటుంది? కత్తి ఒకటుంటే సరిపోయె.

తెలుగువాళ్ళకు గుర్రం గురించి తెలియక కాదు. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద ఏకంగా పద్యకావ్యమే రాశాడు. సుడులు, రంగులు, నడకలు, రోగాలు అన్నీ మనవాళ్ళు ఎంచి పెట్టుకున్నారు. హైదరలీ నాటికి సైన్యంలో రెండు రకాల రౌతులు. బారుగీరు ఎక్కేది దొర ఇచ్చిన గుర్రం. సిలేదారుది సొంత గుర్రం, అది పోతే కొలువూ పోయినట్టే. అందుకని సిలేదారు శత్రువు మీదికి దూకేముందు ఒక్క క్షణం ఆగుతాడని సేనానులకు ఎప్పుడూ ఫిర్యాదే. యుద్ధం వైపు నుంచి చూస్తే అది పిరికితనం. గుర్రం వైపు నుంచి చూస్తే?

లెక్క మళ్ళీ చేతికందింది ఒక పెద్ద నష్టం తర్వాతనే. 1899లో మొదలైన దక్షిణాఫ్రికా యుద్ధంలో బ్రిటిషు సైన్యం మూడు లక్షలకు పైగా గుర్రాలను పోగొట్టుకుంది. గుళ్ళు తగిలి పోయినవి తక్కువ. ఆకలి, అలసట, రోగాలు, జీను పుండ్లు మిగతావాటిని తిన్నాయి. పశువైద్యులు ఉన్నారు గానీ వాళ్ళకు మనుషుల్లేరు, ఆసుపత్రుల్లేవు. ఖర్చు చూసి లండనులో గగ్గోలు పుట్టాక 1903లో సైన్యానికి ప్రత్యేక పశువైద్య దళం వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి దానికి సంచార పశువైద్య విభాగాలు తోడయ్యాయి. గాయపడ్డ గుర్రాన్ని అక్కడికక్కడే కాల్చేయకుండా రక్తం ఆపి, కట్టుకట్టి, నడిపించో బండెక్కించో రైలు దాకా చేర్చి, వెనకనున్న ఆసుపత్రికి పంపడం వీళ్ళ పని. మనుషుల అంబులెన్సు పద్ధతే గుర్రానికీ. ఫ్రాన్సులోని గుర్రాల ఆసుపత్రుల్లో చేరినవి ఏడు లక్షల పైచిలుకు, నయమై వెళ్ళినవి అయిదు లక్షలు దాటాయి.

ఆ యుద్ధానికి మైసూరు సంస్థానం తన లాన్సర్లను పంపింది. కోలారు అప్పుడు మైసూరులో భాగమే. హైదరాబాదు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి వాళ్ళు ఒకే బ్రిగేడు. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు రౌతులు మెషిన్‌గన్లకు ఎదురెళ్ళి హైఫా ఊరిని పట్టుకున్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవే. ఆనాటి లెక్కలో చచ్చిన మనుషులు 8, గాయపడ్డవాళ్ళు 34. చచ్చిన గుర్రాలు 60, గాయపడ్డవి 83. నన్ను ఆపేది చివరి అంకె. గాయపడ్డ గుర్రాన్ని విడిగా లెక్కపెట్టారంటే దాన్ని ఇంకా బతికించాల్సినదాని కింద జమకట్టారన్నమాట. మూడు విగ్రహాల్లోనూ మనుషులే నిలబడి ఉన్నారు, గుర్రం ఒక్కటీ లేదు.

సైన్యాల్లో గుర్రాలు తగ్గాక ఖరీదు పందేల మైదానానికి మారింది. కోత అక్కడ సాధ్యమైంది, మత్తుమందులు వచ్చాయి. మత్తులోంచి లేవడమే కొత్త గండమైంది. 1975 జులై 6న న్యూయార్కులోని బెల్మాంట్ పార్కులో రఫియన్ అనే ఆడగుర్రం పందెం మధ్యలో కుడి ముందుకాలు విరుచుకుంది. రాత్రికి కాలు సరిచేసి కట్టు వేశారు. స్పృహ వస్తూనే అది పడుకున్నచోటే పరుగెత్తడం మొదలుపెట్టింది. దాని బుర్రలో పందెం ఇంకా అవలేదు. కట్టు పగిలింది, కాలు మళ్ళీ విరిగింది. ఇక నిద్రపుచ్చక తప్పలేదు.

ఈ గండానికి విరుగుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు న్యూబోల్టన్ కేంద్రంలో రూపుదిద్దుకుంది. ఆలోచన జాక్ జెన్నీ అనే శస్త్రవైద్యుడిది. నాలుగు కాళ్ళకూ తొడుగులున్న రబ్బరు తెప్పలో గుర్రాన్ని దించి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేలుస్తారు. మెలకువ వచ్చి కాళ్ళు ఎంత విదిలించినా తగలడానికి గట్టినేల లేదు. 2006లో బార్బరో అనే పందెపు గుర్రం 27 స్క్రూలు బిగించిన కాలితో ఈ నీళ్ళలోనే క్షేమంగా లేచింది. ఎనిమిది నెలలు బతికింది కూడా. చివరికి దాన్ని తీసుకుపోయింది విరిగిన కాలు కాదు, బరువంతా మోసిన మిగతా కాళ్ళ గిట్టల వాపు.

ఇలాంటి కథల్లో పేర్లు వైద్యులవి, గుర్రాలవి. రాత్రి కాపలా పేరులేని నర్సులది. దవడ కింద వేలుపెట్టి నాడి చూడాలి. నిమిషానికి 28 నుంచి 44 ఉండాల్సింది అరవై దాటిందంటే వైద్యుణ్ణి లేపాలి. చిగుళ్ళు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రెండు డొక్కలకూ చెవి ఆనించి పేగుల చప్పుడు వినాలి. చప్పుడు లేకపోవడమే భయపడాల్సిన సంగతి. మెడనరంలోకి సెలైను సీసాలతో కాదు, అయిదేసి లీటర్ల సంచులతో ఎక్కాలి, ఒక్క రాత్రిలో నలభై యాభై లీటర్లయినా. గిట్టలకు మంచు కట్టాలి. ఇంత చేస్తూ కాలి తన్ను తగలకుండా నిలబడటం తెలియాలి. ఈ పనికి ప్రత్యేక విద్య అవసరమని ఒప్పుకోవడం మరీ ఈమధ్య సంగతి. పశువుల అత్యవసర వైద్యంలో నర్సులకు ఒక అకాడమీ అమెరికాలో ఏర్పడింది 1996లోనే.

జట్కా గుర్రం సంగతేమిటి? దానికి సాళువ నరసింహుడు లేడు, పందెపు బంగారం లేదు. దాని లెక్క ఎత్తుకున్నది కైరోలో ఒక సైనికాధికారి భార్య, డొరతీ బ్రూక్. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిషు సైన్యం ఈజిప్టులో అమ్మేసిన గుర్రాలు అక్కడి వీధుల్లో ఎముకల గూళ్ళై బండ్లు లాగుతున్నాయి. 1931లో ఆమె లండను పత్రికకు ఒక ఉత్తరం రాసింది. వచ్చిన చందాలతో దాదాపు అయిదు వేల గుర్రాలను కొంది. చాలావాటికి నొప్పి లేని చావు తప్ప ఇవ్వగలిగింది లేకపోయింది. ఆ చావుకు కూడా ఆమె ఖరీదు కట్టింది. 1934లో కైరోలో ఆసుపత్రి తెరిచింది, బండి గుర్రాలకు, గాడిదలకు, ఉచితంగా. ఆమె పేరుతో నడిచే సంస్థ ఇవాళ మన దేశంలో ఇటుకబట్టీల గుర్రాల దగ్గరా, గాడిదల దగ్గరా పనిచేస్తోంది.

కోలారు మెట్టచేలల్లో ఇప్పటికీ ఉలవలు పండుతున్నాయి. జట్కాలు లేవు గనుక అవి మనుషుల చారులోకే పోతున్నాయి. ఆ ఉలవలు ఉడకబెట్టి గుగ్గిళ్ళు పెట్టిన చేతులే ఒకప్పుడు రాత్రి రెండింటికి గోనె కప్పిన గుర్రాన్ని స్టేషను రోడ్డు మీద పైకీ కిందికీ నడిపించేవి, మధ్యమధ్య ఆగి డొక్కకు చెవి ఆనిస్తూ.