గునియా

వెల్డింగ్ షాపు ముందు కాసేపు నిలబడితే చెవిన పడే మాట ఒకటుంది: గునియా. "కోసేముందు గునియా పట్టు." "గునియా తప్పింది, ఇంకో ముక్క తియ్యి." "గేటు గునియాలో లేదు, అందుకే తలుపు గీసుకుంటోంది." ఇనుము పనివాళ్ళ నోట ఇది ఎంత పాతబడిందంటే, ఇది ఏ భాష మాటో అడగాలని ఎవరికీ తోచదు.

అడగడానికి తగిన చోటు బీదర్ జిల్లా చింతకి. ఔరాద్ తాలూకాలోది ఈ ఊరు. తాలూకాకు ఒక వైపు మహారాష్ట్ర, మరో వైపు తెలంగాణ. 1956 దాకా ఇదంతా హైదరాబాదు రాష్ట్రం. తెలుగు, కన్నడ, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకు తిరిగే నేల. ఇక్కడ ఒక పనిముట్టుకు ఒకే పేరు ఉండటం అరుదు. గునియానే తీసుకుంటే, తెలుగు బడిలో అది మూలమట్టం. కన్నడంలో మూలెమట్ట. మరాఠీ పిల్లవాడి జామెట్రీ బాక్సులో గుణ్యా. షాపులోకి వచ్చేసరికి గునియా.

వస్తువు మాత్రం ఒక్కటే. ఒక మందపాటి పిడి, దానికి నిట్టనిలువుగా బిగించిన ఒక పలచని రేకు. రెంటి మధ్య తొంభై డిగ్రీలు. ఇందులో కదిలే భాగం లేదు, తిప్పే మర లేదు. ఒక మూలను పట్టుకుని ఉండటమే దాని ఉద్యోగం.

ఇనుప గొట్టం కోసేవాడికి ఆ మూల ఎందుకంత ముఖ్యమో లెక్కలో చెబుతాను. 50 మిల్లీమీటర్ల చదరపు పైపును ఒక్క డిగ్రీ వాలుగా కోశారనుకోండి. కోత కొసన దాదాపు 0.9 మిల్లీమీటర్ల సందు పడుతుంది. అది కంటికి పెద్దగా ఆనదు. కానీ ఆ పైపునే కోసిన కొస మీద మీటరు ఎత్తున నిలబెడితే, పైకొస 17 మిల్లీమీటర్లకు పైగా పక్కకు ఒరుగుతుంది. ఆ సందును వెల్డింగుతో నింపేద్దాంలే అనుకుంటే ఇంకో చిక్కు. కరిగి పోసిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది, సందు ఎటు ఎక్కువ ఉంటే పైపును అటు లాగుతుంది. కోతలో చేసిన తప్పును అతుకు దిద్దదు, పెంచుతుంది. పనివాళ్ళు దీన్ని "కోత క్రాస్ పోయింది" అంటారు. ఇంతకంటే పొందికైన మాట పుస్తకాల్లో నాకు దొరకలేదు.

చదరపు గొట్టం మీద గీత గీసే తీరు చూడండి. గునియా పిడిని ఒక ముఖానికి గట్టిగా ఆనించి, రేకు అంచు వెంట సూదిమొనతో గీస్తారు. సుద్దగీత నమ్మదగ్గది కాదు, దాని లావులోనే కోత తప్పిపోతుంది. పైపును తిప్పి, గీత కొస నుంచి రెండో ముఖం మీద గీస్తారు. తర్వాత మూడు, ఆపైన నాలుగు. నాలుగో గీత చుట్టూ తిరిగి వచ్చి మొదటి గీత కొసను తాకాలి. తాకితే నాలుగు ముఖాలూ ఒకే మాట చెబుతున్నట్టు. తాకకపోతే పైపు అయినా వంకర, గునియా అయినా వంకర, లేదా పట్టిన చెయ్యైనా జారింది.

గునియాయే వంకరైతే ఎలా తెలుస్తుంది? తిన్నని అంచున్న రేకు ఒకటి తీసుకుని, ఆ అంచుకు గునియాను ఆనించి ఒక గీత గీయాలి. గునియాను బోర్లించి, అదే చుక్క దగ్గర మళ్ళీ గీయాలి. రెండు గీతలూ ఒకటైతే గునియా మంచిది. విడిపోతే, వాటి మధ్య ఎంత ఎడం కనిపిస్తుందో అందులో సగం గునియా దోషం. కోసిన పైపుకూ ఇదే న్యాయం. కోతకు ఇటూ అటూ ఉన్న రెండు ముక్కలనూ మళ్ళీ దగ్గర చేర్చి, ఒకదాన్ని సగం చుట్టు తిప్పి ఆనిస్తే, తప్పు రెండింతలై బయటపడుతుంది. ఒక డిగ్రీ రెండు డిగ్రీలవుతుంది, 0.9 మిల్లీమీటర్ల సందు 1.8 అవుతుంది. తప్పును దాచుకోనివ్వకుండా పెద్దది చేసి చూపించే ఈ ఉపాయం నాకు చాలా ఇష్టం.

ఇక మాట దగ్గరికి వద్దాం. గునియా వినగానే తెలుగు చెవికి గుణం గుర్తుకొస్తుంది. మంచి గుణమున్న మూల అని సరిపెట్టుకోవచ్చు. ఆలోచన ముచ్చటగానే ఉంది కానీ, ఈ మాటకు గుణంతో చుట్టరికం లేదు. ఇది పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. పారసీకంలో దీని రూపం గూనియా. పారసీకానికి ఇది గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ గోనియా అంటే మూల, కోణం. ఆ గోనియాకు దగ్గరి బంధువు గోను. గోను అంటే మోకాలు.

అసలు మూల మనిషి ఒంట్లోనే ఉందన్నమాట. పీట మీద కూర్చుంటే మడత పడే మోకాలే మొదటి గునియా. గ్రీకు గోనుకు సంస్కృతంలో తోబుట్టువు జాను. చేతులు మోకాళ్ళ దాకా వచ్చేవాణ్ణి ఆజానుబాహుడంటాం. లాటిన్లో అదే గెను, ఇంగ్లీషులో నీ. అంటే ఆజానుబాహుడిలోని జానువూ, వెల్డరు చేతిలోని గునియా ఒకే ఇంటి పిల్లలు. ఒకటి పురాణంలోకి వెళ్ళింది, ఇంకొకటి ఇనుప కొట్టులోకి.

గ్రీకు మాట పారసీకుల చేతికి రావడం కాకమ్మ కథ కాదు. పదో శతాబ్దంలో బాగ్దాదులో అబుల్ వఫా బూజ్జానీ అనే గణిత పండితుడు, చేతిపనివాళ్ళకు కావలసిన రేఖాగణితం మీద ఒక గ్రంథం రాశాడు. 940లో పుట్టిన ఈయన, త్రికోణమితిలో ఎంతో పని చేసినవాడు. ఆ గ్రంథం సిద్ధాంతంతో మొదలుకాదు. ముందు రూళ్ళకర్ర, వృత్తలేఖిని, కూనియా, వీటి సంగతి చెబుతాడు. కూనియా అంటే మన గునియాయే. పనిముట్టు సరిగా లేకపోతే సిద్ధాంతం ఎంత గొప్పదైనా కట్టడం వంకరపోతుందని ఎరిగిన పండితుడు గనకే ఆ వరస పాటించాడని నా నమ్మకం.

మరి దక్కనుకు? పదిహేనో శతాబ్దంలో బహమనీలు రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చుకున్నారు. ఇరాన్, మధ్య ఆసియాల నుంచి పండితులూ, సైనికులూ, వర్తకులూ, పనివాళ్ళూ ఇక్కడికి వచ్చారు. గీలాన్ నుంచి వచ్చిన మహమూద్ గవాన్ మంత్రి అయ్యాడు. 1472లో పూర్తయిన ఆయన మదరసా గోడల మీద రంగు పలకలు నేటికీ కొన్ని మిగిలాయి. గచ్చులో అంత నిక్కచ్చిగా అతికిన పలకలు గునియా పట్టకుండా కుదిరేవి కావు. మాట ఫలానా రోజున ఫలానా మేస్త్రీ సంచిలో దిగిందని అనను గానీ, వచ్చిన దారి మాత్రం ఈ నేలకు పరిచయమైనదే. వడ్రంగి రందా, బెజ్జం వేసే బర్మా కూడా పారసీకపు దారినే వచ్చాయి. కోస్తాలో చిత్రిక పట్టేవాడు తెలంగాణలో రందా కొడతాడు. వీటిని వాడే మేస్త్రీ పేరు పోర్చుగీసుది, మెస్త్రె. తెలుగు గేటు బిగించడానికి గ్రీకు మోకాలూ, పారసీక నాలుకా, పోర్చుగీసు బిరుదూ కలిశాయి.

గ్రీకు గోనియా మన దగ్గరికి ఇంతకంటే ముందే ఇంకో దారిలో వచ్చిందని చాలామంది పండితులు చెబుతారు. అది జ్యోతిషపు దారి. హోర, కేంద్రం, జామిత్రం గ్రీకు నుంచి సంస్కృతంలోకి వచ్చిన మాటలు. వరాహమిహిరుడి నాటికే, అంటే ఆరో శతాబ్దానికే, అవి ఇక్కడ స్థిరపడ్డాయి. కోణం, త్రికోణం కూడా ఆ జట్టులోవే అంటారు. నాకిది ఒప్పనిపిస్తుంది. అలాగైతే మన భాషలోకి గోనియా రెండుసార్లు వచ్చింది. ఒకసారి జాతకచక్రం పట్టుకుని కోణంగా, మరోసారి ఇనుప రేకు పట్టుకుని గునియాగా. పండితుడి దారిలో వచ్చిన మాటకు పాఠ్యపుస్తకం దక్కింది. పనివాడి దారిలో వచ్చినదానికి షాపు దక్కింది. "గునియాతో కోణం చూడు" అన్నప్పుడు, దూరదేశంలో విడిపోయిన ఇద్దరు కవలలను వాళ్ళకు తెలియకుండానే ఒక వాక్యంలో కూర్చోబెడుతున్నాం.

మూలమట్టాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. చూపుకు సంస్కృత సమాసంలా ఉంటుంది గానీ, ఇందులో మూల అంటే వేరు కాదు, ఇంటి మూల. తమిళంలో మూలై, కన్నడంలో మూలె. ఈశాన్య మూల, మూలగది, జబ్బుతో మూలనపడటం, అన్నీ ఈ మూలవే. మట్టం కూడా మన కుటుంబపు మాటే. చెరువు నీటిమట్టం, బేల్దారి రసమట్టం ఉన్నాయిగా. రసమట్టంలో రసం అంటే పాదరసం. నేటి గాజుగొట్టంలో కదిలేది పాదరసం కాకపోయినా, పేరు దాన్ని వదల్లేదు.

స్క్వేర్ అనే ఇంగ్లీషు మాట చేసే అల్లరి వేరు. పైపు ఆకారమూ స్క్వేరే, కోతా స్క్వేరే, పనిముట్టూ స్క్వేరే. గుండ్రటి పైపును స్క్వేరుగా కొయ్యమంటే కొత్త కుర్రవాడు తెల్లబోతాడు. గుండ్రటిదానికి చదరం ఎలా వస్తుంది? గునియా ఇంగ్లీషు పేరైన ట్రైస్క్వేర్‌లో ట్రై అంటే మూడు అనుకునేవాళ్ళూ ఉన్నారు. అది త్రిభుజపు ట్రై కాదు, పరీక్షించి చూడటం.

మన చదరంలో ఇంకో చమత్కారం ఉంది. ఇది చతురస్రం నుంచి వచ్చింది. నాలుగు అశ్రులు గలది. అశ్రి అంటే పదునైన అంచు. తాళాల్లో చతురశ్ర జాతి, తిశ్ర జాతి అనేవాటిలో మిగిలిందీ ఈ అంచే. గునియా మూలను మడతగా చూసింది, చదరం దాన్ని పదునుగా చూసింది. ఇనుము కోసేవాడికి రెండూ కావాలి.

లాటిన్‌వాళ్ళు మూలమట్టాన్ని నోర్మా అన్నారు. నోర్మాకు సరిపోయినది నార్మల్, దాన్ని దాటిపోయినది ఎనార్మస్. ఆసుపత్రి రిపోర్టులో "నార్మల్" చూసి ఊపిరి పీల్చుకునే ప్రతివాడూ, ఒక రోమన్ వడ్రంగి తన కొయ్యను చూసి అన్న మాటనే వింటున్నాడు.

గొట్టం మాత్రం ఇంటిది. పొయ్యి ముందర ఊదుగొట్టం, మిద్దె మీద పొగగొట్టం, జబ్బు పడ్డ ఎద్దు నోట్లో మందు పోసే వెదురు గొట్టం. కన్నడంలోనూ పశువుకు మందు పోసే వెదురు బొంగు గొట్టమే. వెదురును కోసేటప్పుడు గునియా ఎవరూ పట్టరు, కణుపు పక్కన కోస్తే చాలు. ఇనుప గొట్టానికి కణుపు లేదు. అందుకే దానికి పనిముట్టు చెప్పాల్సి వచ్చింది.

గుండ్రటి గొట్టం దగ్గర ఆ పనిముట్టుకూ చిక్కే. పిడి ఆనడానికి చదునైన ముఖం లేదు. అక్కడ పనివాళ్ళు కాగితాన్ని నమ్ముకుంటారు. తిన్నని అంచున్న కాగితం పట్టీని పైపు చుట్టూ ఒకటిన్నర చుట్టు చుడతారు. పై పొర అంచు కింది పొర అంచు మీద సరిగ్గా కూర్చుంటే, ఆ అంచు పైపు నడుముకు నిట్టనిలువు. పట్టీ రవ్వంత వాలితే అంచులు కలవవు, మరచుట్టులా పక్కకు జారిపోతాయి. కలిసిన అంచు వెంట సూదితో గీసి, హాక్సా బ్లేడుతో ఒక్కచోటే లోతుకు దించకుండా, పైపును కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ పలచగా గాటు పెడతారు. ఆ గాటే తర్వాత బ్లేడుకు దారి చూపిస్తుంది. పలచని గొట్టానికి అంగుళానికి 32 పళ్ళ బ్లేడు మేలు. పళ్ళు పెద్దవైతే గోడను కొరికి పట్టుకుంటాయి. కోత అయ్యాక లోపలా బయటా లేచిన అంచును ఆకురాయితో రాయాలి.

మూలకు మూలమట్టం ఉంది, చదునుకు రసమట్టం ఉంది. పైపు చుట్టూ తిరిగే ఈ కాగితపు పట్టీని చుట్టుమట్టం అందాం. చింతకిలో కన్నడ మేస్త్రీకి చెబితే, అతను దాన్ని సుత్తుమట్ట చేసుకుంటాడు. అర్థం అడగవలసిన పని అతనికి ఉండదు.